మెత్తని కబురు

అన్న తుర్గున్‌బాయ్‌కి ఆపరేషన్ అయిందని బిష్కెక్ నుంచి డాక్టరు ఫోన్ చేశాడు. ఫోనెత్తిన వదిన సాల్కిన్, విన్నది మాకు చెప్పింది.

"పొట్ట కొయ్యలేదట. తొడ మొదట్లో చిన్న రంధ్రం పెట్టి, పొట్టలో ఉబ్బిన పెద్ద నరంలోకి గుడ్డగొట్టం ఎక్కించారట. గంటలో అయిపోయిందట. గురువారం ఇంటికి పంపిస్తారట."

మేం ముఖాలు చూసుకున్నాం. మా కొండల్లో చావు కబురు ఎవరూ సూటిగా చెప్పరు. నాన్న పోయినప్పుడు డేగ ఎగిరిపోయిందన్నారు.

"పగిలితే చస్తాడన్న నరాన్ని గంటలో, కోత లేకుండా బాగుచేశారట," అన్నాడు పెదనాన్న కళ్ళు తుడుచుకుంటూ. "పాపం, ఆ డాక్టరు ఎంత మెత్తగా చెప్పాడో."

వదిన ఏమీ అనలేదు. మేం వాకిట్లో చావుగుడారం వేశాం. ఆమె లోపల గోడవైపు తిరిగి కూర్చుని ఏడుపుపాట ఎత్తుకుంది. చావుకి వచ్చేవాళ్ళకి పెట్టడానికి, మా ఆచారం ప్రకారం, అన్న ప్రాణంగా చూసుకునే ఎర్రగుర్రాన్ని కోసి వండాం.

గురువారం వచ్చినవాళ్ళనల్లా కౌగిలించుకుని ఏడవడం నా వంతు. టాక్సీ దిగిన ఒకాయన్ని కూడా పట్టుకుని, "మా అన్న పోయాడు," అని భోరుమన్నాను.

"ఏ అన్నరా?" అన్నాడు తుర్గున్‌బాయ్.

గుడారంలో వదిన ఆయన్ని కొండ అంటోంది, ఇంటికి నిట్రాడ అంటోంది. అన్న నా నోరు మూసి, పాట అయ్యేదాకా నిలబడి విన్నాడు. అప్పుడు గాని గుర్రపుశాల వైపు చూడలేదు.

"నా గుర్రమేదే?"

బయటికొచ్చిన వదిన ఆయన్ని చూసి ఉలిక్కిపడలేదు. గిన్నెడు మాంసం చేతికిచ్చింది.

"డాక్టరు ఇంకోటి కూడా చెప్పాడు. నువ్విక గుర్రం ఎక్కకూడదట. అది ఉండగా నువ్వు ఎక్కకుండా ఉంటావా?"