నలభై కల్లాలు, ఒక్క ప్రశ్న

మా ఊరి కంప్యూటరులో ఎవరి పనికి ఎంత వాటా ఇవ్వాలో, అది చాలనప్పుడు క్లౌడులో ఎంత అద్దెకు తీసుకోవాలో నాంచారమ్మత్తే చూస్తుంది.

ఈ రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. కల్లాల్లో మిర్చి ఆరబోసిన నలభైమందీ ఒకేసారి “నా కాయ మీద వాన పడుతుందా?” అని అడగడంతో కంప్యూటరు నిండిపోయింది. ఈ నెల క్లౌడు అద్దె డబ్బు ముందే అయిపోయింది. ఆసుపత్రిలో అక్క నొప్పులు పడుతోంది. కడుపులో బిడ్డ గుండెను చూపే గీత కూడా ఈ కంప్యూటరు మీదే నడుస్తుంది; మా ఎదుటి తెర మీద అది మాటిమాటికీ ఆగిపోతోంది.

“రైతుల్ని ఆపెయ్ అత్తా!” అన్నాను ఏడుస్తూ.

“ఆపితే వాళ్ల ఏడాది కష్టం తడిసిపోదా ఏంటే? కల్లాలన్నీ ఒక్కచోటేగా. నలభైసార్లెందుకు, ఒక్కసారి చూస్తే చాలు.”

వాన ఎప్పుడో చూసి చెప్పి, ఊరంతా వినపడే మైకు నా చేతికిచ్చింది.

“నాకు సిగ్గత్తా.”

“నీకు సిగ్గని వాన ఆగుద్దా?”

“ఐదింటికి వానొస్తుంది. అందరూ పట్టాలు కప్పుకోండి. ఇంకెవరూ కంప్యూటర్ని అడగొద్దు,” అన్నాను మైకులో.

రైతులు అడగడం మానేశారు. గీత ఆగకుండా కదిలింది. అత్త దాని మీద నుంచి చూపు తిప్పలేదు.

అత్త మిర్చి కూడా కల్లంలోనే ఉందని నాకప్పుడు గుర్తొచ్చింది. పట్టా తీసుకుని పరుగెత్తాను.