సలహా చెప్పకూడదు

బావా, బాగున్నావా? ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకు. ఢిల్లీ సరోజినీ నగర్‌లో పెళ్ళిళ్ళ గిరాకీ, కొట్లో తీరిక దొరకలేదు.

లైఫ్ కోచ్ ట్రైనింగ్‌లో చేరానన్నాను కదా. అక్కడ సలహా చెప్పకూడదు, అడిగి వినాలంతే. ప్రాక్టీసుకి మీ చెల్లెలు శరణ్యనే కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను.

"నీకేం కావాలి?" అన్నాను.

"ఇక్కణ్ణుంచి వెళ్ళిపోవాలండీ."

వెళ్ళకు అని నోటిదాకా వచ్చింది. అది సలహా అవుతుందని మింగేశాను. "వెళ్తే ఎలా ఉంటుంది?"

"హాయిగా ఉంటుంది. పెళ్ళయ్యాక మీరు నా మాట చివరిదాకా విన్నది ఇవాళే."

మా ట్రైనింగ్ మేడం ఆ రికార్డింగ్ క్లాసంతటికీ వినిపించి, "శాబాష్ భయ్యా, సెషన్ అంటే ఇదీ" అంది.

శరణ్య సామాను సర్దిపెట్టాను. తీసుకెళ్ళడానికి నువ్వే వస్తావట. ఎప్పుడు కలుద్దాం?