కరిచినందుకు

"ఇంజెక్షనిచ్చి చంపెయ్యండి మేడమ్ దీన్ని. పాపని కరిచింది," అంటూ తండ్రి ముసలి పూడిల్ కుక్కను మెడపట్టీ పట్టి ఎత్తి స్టీలు బల్ల మీద పడేశాడు.

కుక్క కాళ్ళు కూడదీసుకుని లేచి, బల్ల పక్కన నిలబడ్డ ఎనిమిదేళ్ళ పిల్ల వైపు జరిగింది. పూడిల్ బొచ్చు రాలదు, పెరుగుతూనే ఉంటుంది. ఆయాసం ఉన్న పిల్లల ఇళ్ళలో ఈ జాతిని ఏరికోరి తెచ్చుకునేది అందుకే. కాకపోతే నెలన్నరకోసారి కత్తిరించాలి, లేకపోతే ఉండలు కడుతుంది. పిల్ల తల్లి పోయిన దగ్గర్నుంచి దీనికి కత్తెర తగిలినట్టు లేదు. ఒళ్ళంతా పాత పరుపులో దూదిలా ఉండలు కట్టి ఉంది.

"ఎక్కడ కరిచింది?" అడిగింది డాక్టరమ్మ.

తండ్రి పిల్ల చెయ్యి ముందుకు లాగి కట్టు విప్పాడు. "హాస్పిటల్లో చూపించాం. కుక్క కాటైతే కుక్కల డాక్టరు దగ్గర కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం రాసిచ్చి, దీని సంగతి కూడా తేల్చెయ్యండి. ఒక్కసారే పనైపోతుంది."

డాక్టరమ్మ గాయం చూసింది. పద్దెనిమిదేళ్ళుగా కుక్క కాట్లు చూస్తున్న మనిషి. కోరలు దిగితే గుంటలు పడతాయి, లాగితే చీలిక పడుతుంది. ఇక్కడ రెండూ లేవు. నలుచదరంగా ఒక అంచు చర్మంలోకి దిగిన అచ్చు ఉంది, బెల్టు బకిల్ అంత.

అలవాటు కొద్దీ కుక్క పెదవి పైకెత్తింది. ఎత్తనక్కర్లేదు, ఆమెకు తెలుసు. పోయినేడాది ఇదే బల్ల మీద, చిగుళ్ళ జబ్బు ముదిరిందని, దాని పళ్ళన్నీ పీకింది ఆమే. ఆ రోజు తీసుకొచ్చింది తల్లి. ఆ తర్వాత రోజూ మెత్తగా కలిపి తినిపిస్తున్నది పిల్ల. తండ్రికి మాత్రం తనింట్లో కుక్కకి పళ్ళు లేవన్న సంగతే తెలియదు.

"నిజంగా కరిచిందా తల్లీ?"

పిల్ల తండ్రి ముఖం చూసింది. "అవును ఆంటీ," అంది.

కుక్కను చంపాలంటే పిచ్చిదని ముద్ర వెయ్యాలని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. ఆ పళ్ళు లేని నోరు తెరిచి అతనికి చూపించాలనిపించింది. కానీ చూపిస్తే ఏమవుతుంది? కరవని కుక్కను ఆపుకునే హక్కు తనకు లేదు. ఇంటికి పట్టుకుపోతాడు. అక్కడ ఇంజెక్షన్ ఉండదు, కర్ర ఉంటుంది.

అందుకని అతని అబద్ధాన్నే ఆసరా చేసుకుంది.

"కరిచిన కుక్కని వెంటనే చంపకూడదండీ, రూలు ఒప్పుకోదు. పది రోజులు ఇక్కడ బోనులో పెట్టి చూడాలి. పిచ్చి ఉంటే ఈలోపు బయటపడుతుంది."

"మా కుక్క, మా ఇష్టం కదండీ," అన్నాడు తండ్రి, చెయ్యి విసురుగా ఆడిస్తూ.

ఆ చెయ్యి లేవగానే కుక్క బల్ల మీదే పక్కకి జరిగి పిల్లకు అడ్డంగా నిలబడింది. పూడిల్‌కి తెలివెక్కువంటారు, ఏది నేర్పినా ఇట్టే పట్టేస్తుందంటారు. ఆ ఇంట్లో ఈ ముసలిది నేర్చుకున్న విద్య ఇదీ.

"కరిచిందని మీరే చెప్పారు. చెప్పాక ఇక మీ ఇష్టం కాదు," అంది డాక్టరమ్మ. "ముందు గదిలో ఫారం ఉంది, సంతకం పెట్టండి. ఇదిగో మీ కాగితం."

కాగితం చేతిలో పడగానే అతను మెత్తబడి ముందు గదిలోకి వెళ్ళాడు. అందులో కుక్క కాటు అని రాసి ఉంది. ఆ రెండు మాటలతో ఇక అతన్ని ఎవరూ ఏమీ అడగరని తెలిసే రాసింది డాక్టరమ్మ.

ఆమె కుక్కను ఎత్తుకుని బోనులో పెడుతుంటే పిల్ల వెనకే వచ్చింది.

"పది రోజులూ ఇక్కడే ఉంటుందా ఆంటీ?"

"ఇక్కడే."

"నాన్న వచ్చి ఇచ్చెయ్యమంటే?"

"ఎవరొచ్చి అడిగినా ఇవ్వను. రూలంటే రూలే."

"ఇక్కడ దాన్ని కొడతారా?"

"ఎవరూ కొట్టరమ్మా. తిండి పెడతాం, బొచ్చు కత్తిరిస్తాం. హాయిగా పడుకుంటుంది."

పిల్ల చువ్వల్లోంచి వేలు పెట్టింది. కుక్క ఆ వేలిని చిగుళ్ళతో పట్టుకుని వదిలింది.

నీ చేతికి ఏం తగిలిందమ్మా అన్న ప్రశ్న డాక్టరమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. గదిలో ఇద్దరే ఉన్నారు, తలుపు దగ్గరగా వేసి ఉంది, ఇంతకంటే మంచి సమయం దొరకదు. కానీ అడిగితే జవాబు వినాలి. విన్నాక ఏదో ఒకటి చెయ్యాలి. పోలీసులు, సాక్ష్యాలు, ఆ మనిషితో గొడవ. కుక్క పని కుక్క చెయ్యాలి, గాడిద పని గాడిద చెయ్యాలి అనుకుంది. తను కుక్కల డాక్టరు. కుక్క ప్రాణం నిలబెట్టింది. ఈ పది రోజుల్లో దానికి మరో మంచి ఇల్లు వెతికి పెడితే తన బాధ్యత తీరిపోతుంది.

"ఏయ్, రా," తండ్రి గుమ్మంలోంచి పిలిచాడు.

పిల్ల కదల్లేదు. డాక్టరమ్మ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. థాంక్స్ చెప్పబోతోంది కాబోలనుకుని ఆమె నవ్వుతూ వంగింది.

పిల్ల ఆ చేతిని నోటికి తీసుకుని, రక్తం వచ్చేదాకా కొరికింది.

"నేనూ కరిచాను ఆంటీ," అంది మూతి తుడుచుకుంటూ. "నన్ను కూడా పది రోజులు ఉంచుకోండి."