పూటకో చిటికెడు

"పెట్టింది పెట్టినట్టు ఊడ్చేస్తోందండీ. నాకు భయంగా ఉంది," అన్నాడు ఫోన్లో ఒకాయన.

చేపల కొట్టాయన సర్దుకుని కూర్చున్నాడు. మేత ఎక్కువై తొట్టెల్లో వెల్లకిలా తేలిన చేపల్ని చూసి చూసి మనసు విరిగి, ఆమధ్య వీధి మలుపులో గోడ మీద రాయించాడు: "అతి తిండి ప్రాణాంతకం! ఎంత పెట్టాలో, ఎన్నిసార్లు పెట్టాలో మమ్మల్ని అడగండి. సలహా ఉచితం." కింద ఫోను నంబరు. కొట్టు పేరుకీ, చేప బొమ్మకీ గోడ చాల్లేదు. ఇన్నాళ్ళకి ఒక్కడు అడిగాడు.

"రోజుకెన్నిసార్లు పెడుతున్నారు?"

"అడిగినప్పుడల్లా."

"నోరు తెరిచిందంటే ఆకలని కాదండీ. దాని అలవాటే అంత."

"ఆ మాటే అన్నాను. అలిగింది."

కొట్టాయనకి ముచ్చటేసింది. ఇంత ప్రేమగా పెంచేవాళ్ళు ఎక్కడున్నారు!

"పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు. రెండు నిమిషాల్లో తిన్నంతే. మిగిలింది తీసెయ్యండి. వారానికో రోజు పస్తు."

"నీరసించిపోదూ?"

"ఎక్కువ పెడితేనే ప్రాణం పోతుంది. మీకు అది కావాలా, వద్దా?"

"అయ్యో, అది లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదండీ!"

మర్నాడు మళ్ళీ ఫోను.

"ఓ మూల చేరి కదలట్లేదండీ."

"తొట్టి ఎంత పెద్దది?"

"తొట్టా? తొట్టిలో పెట్టలేదే!"

కొట్టాయన గావుకేక పెట్టాడు. "నీళ్ళు లేకుండా ఎలా ఉంచారయ్యా! ముందు దాన్ని నీళ్ళలో వదులు! గోరువెచ్చగా ఉండాలి!"

"స్నానాల గదిలో పెద్దది ఉంది..."

"అదే! పరుగెత్తు!"

ఆ పూట కొట్టాయనకి అన్నం సయించలేదు. సాయంత్రం ఫోను మోగగానే లాక్కున్నాడు.

"వదిలానండీ. మొదట గింజుకుంది. ఇప్పుడు అలవాటు పడింది."

"హమ్మయ్య! ఒంటరిగా ఉంటే దిగులు పడుతుంది. జతగా ఇంకొకదాన్ని తెచ్చి అందులోనే వెయ్యండి."

అవతల అడుగుల చప్పుడు పక్కకి జరిగింది.

"ఇది బతకనివ్వదండీ," అన్నాడాయన గొంతు తగ్గించి.

"మొదట్లో కొరుకుతుంది. తర్వాత అదే సర్దుకుంటుంది. నా మాట నమ్మండి."

ఫోను దూరం జరిగింది. ఏదో గుసగుస. ఆపైన ధబ్బుమని నీళ్ళు చిందిన చప్పుడు.

"ఏమైంది? బయటికి దూకేసిందా?" కొట్టాయన లేచి నిలబడ్డాడు.

"ఉండండి డాక్టరు గారూ, మా ఆవిడే మాట్లాడుతుందట."