మేస్త్రిగారి రంగుపోత

పెద్దమేస్త్రి బల్ల కాలు లేపింది అంగుళమే. కింద చెక్కముక్క దూర్చి వెంటనే దించేద్దామనే లేపాడు. ఆ చెక్కముక్క కాస్తా చేతికందకుండా దొర్లిపోయింది. ఆయన ఒక చేత్తో బల్ల మోస్తూ, రెండో చేత్తో నేల తడుముకుంటూ ఉండగా, పైన కాన్వాసు మీద పచ్చిగా ఉన్న రంగులన్నీ కూడబలుక్కుని ఒక మూలకి నడిచాయి. అంచు దాటి, ఆయన మోచేతి మీదుగా జారి నేల మీదికి దిగాయి.

తలెత్తి చూస్తే ఏముంది? నెమలి ఈకలా మెరిసిన బొమ్మ కుడితితొట్టిలా ఉంది.

తప్పు ఆయనది కాదు, ఆయన వృత్తిది. జీవితమంతా గోడలు కట్టినవాడు. ఎక్కడికెళ్ళినా జేబులో రసమట్టం ఉండాల్సిందే. ఆస్పత్రిలో పడుకోబెడితే మంచం వాలుగా ఉందని లేచి, దాని కాళ్ళ కింద ఇటుకముక్కలు పెట్టి, మళ్ళీ పడుకున్నాక గానీ జ్వరం తగ్గలేదట. చూసినవాళ్ళు లేరు, నమ్మనివాళ్ళూ లేరు. అలాంటి మనిషి వీధిగదిలోకి తొంగిచూసి, బల్ల మీద మట్టం పెట్టి, అందులో బుడగ రవ్వంత పక్కకి జరగడం చూశాక ఊరుకోగలడా?

ఊరుకోవలసింది. రంగుల మీద రంగులు పోసి బొమ్మలు చేసే కోడలికి ఇది మొట్టమొదటి బేరం. పళ్ళ డాక్టరు తన ఆస్పత్రి ముందుగదికి ఒకటి పోసిపెట్టమన్నాడు. సాయంత్రం ఆయన్ని తీసుకొస్తానని, నచ్చితే ఆరాక పట్టుకెళ్తాడని చెప్పి వెళ్ళింది. చెల్లెలింటికి బయల్దేరిన భార్య కూడా, వీధిగది గడప తొక్కితే మర్యాదగా ఉండదని గుమ్మంలోంచి ఒకసారి, వీధిలోంచి ఇంకోసారి హెచ్చరించి మరీ వెళ్ళింది.

భార్య అయితే తిడుతుంది. తిట్లు ఆయనకి వానచినుకులు. కోడలు తిట్టదు. 'పోనీలెండి మావయ్యా' అని నవ్వి, లోపలికెళ్ళి ఏడుస్తుంది. దానికి మాత్రం ఆయన దగ్గర గొడుగు లేదు.

సరే, చెయ్యి ఉంది, రంగులున్నాయి, కాన్వాసుంది. ఇన్నాళ్ళూ పేపరు చదువుతున్నట్టు నటిస్తూ కోడలి పనంతా చూస్తూనే ఉన్నాడు. తాపీ తెచ్చి పాడైన రంగంతా గీకేశాడు. రంగుల్లో జిగురునీళ్ళు పోశాడు, తలా చుక్క నూనె వేశాడు, గ్లాసులో ఒకదాని మీద ఒకటి వంచాడు. అంతవరకూ బాగానే ఉంది. సిమెంటు కలిపిన చెయ్యి కదా, అలవాటు కొద్దీ పుల్ల పెట్టి గిరగిరా తిప్పేశాడు. కాన్వాసు మీద బోర్లిస్తే అచ్చం సిమెంటే వచ్చింది. పూత మాత్రం నున్నగా ఉంది, ఎంతైనా ఆయన పనితనం.

మళ్ళీ తాపీ, మళ్ళీ గీకుడు. ఇక డబ్బాల్లో మిగిలింది అడుగున కాస్త నీలం, కాస్త తెలుపు, చారెడు రాగిరంగు. ఈసారి పుల్లని కిటికీలోంచి బయటికి విసిరేశాడు, చేతికి దొరికితే తిప్పుతానని తన మీద తనకే అనుమానం. ఊపిరి బిగబట్టి, పసిపిల్లకి ఉగ్గు పట్టినట్టు పొర మీద పొర పోశాడు. గ్లాసు బోర్లించాడు. మెల్లగా ఎత్తాడు.

నీలం బయటికి ఉరికింది. దాని వెనకాలే తెలుపు తరుముకొచ్చింది. రెండింటి మధ్య నుంచి రాగిరంగు కళ్ళు తెరిచింది, ఒక కన్ను కాదు, వంద కళ్ళు. ఒక్కో కంట్లో ఇంకో చిన్న కన్ను. మేస్త్రి కాన్వాసుని రెండు చేతులా పట్టుకుని ఇటు వంచాడు, కెరటం లేచింది. అటు వంచాడు, విరిగింది. జీవితంలో మొట్టమొదటిసారి ఒక వస్తువుని మట్టం తప్పించి ఆనందించాడు. కోడలూ గుర్తులేదు, డాక్టరూ గుర్తులేదు. ఆ క్షణాన ఇంటికి నిప్పంటుకున్నా, మంటలో ఆ ఎరుపు బాగుందని రెండు గరిటెలు అడిగేవాడే.

కాన్వాసుని బల్ల మీద దించి వెనక్కి తిరిగితే గుమ్మంలో కోడలు, పక్కన పళ్ళ డాక్టరు.

రోజంతా పక్కవాళ్ళ నోళ్ళు తెరిపించే డాక్టరు తన నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఇది పోసిందెవరని అడిగాడు. కోడలు మావగారి మోచేతికేసి చూసింది, గడ్డం మీది నీలం చూసింది.

"మా మావయ్య," అంది.

తనకి ఇదే కావాలన్నాడు డాక్టరు. ఎవరికీ ఇవ్వొద్దని, ఆరగానే వచ్చి పట్టుకెళ్తానని చెప్పి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి ఇంకోసారి చూసుకుని వెళ్ళాడు.

మేస్త్రికి నేల మీద కాలు ఆనలేదు. ఆ ఊపులో నిజం కూడా కక్కేశాడు. బల్ల లేపడం, చెక్కముక్క, సిమెంటు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పి, "నీ బేరం మాత్రం పోలేదు కదమ్మా," అన్నాడు.

కోడలు నవ్వలేదు. ఏడవనూ లేదు. ఆయనకేసి జాలిగా చూసింది.

"డాక్టరుగారి కోసం నేను పోసింది మేడ మీద ఆరుతోంది మావయ్యా."

"మరి నేను ఒలకబోసింది?"

జవాబు వీధిలోంచి వచ్చింది, నలుగురైదుగురు ఆడవాళ్ళ అడుగుల చప్పుడుతో కలిసి, ఆయన భార్య గొంతుతో:

"ఇటు రండి వదినా, ఈ గదిలోనే. నా జన్మలో నేను పోసిన మొదటి బొమ్మ, మా ఆయన కంట కూడా పడనివ్వలేదు."