తొలి చిక్కుళ్లు

నాయనమ్మ గొణుగుతుంటే అది మంత్రమేమోనని మీరెప్పుడైనా అనుమానించారా? నేను అనుమానించాను.

నేను వాక్యం చెప్పే మా సీతాఫల్‌మండి ప్రార్థన కూటానికి వచ్చే కోయ అవ్వ జోగమ్మ, ఏటా తొలి చిక్కుళ్లు వండి, ఏదో గొణిగితేగానీ ముద్ద ముట్టదు.

నిన్న బైబిలు పట్టుకుని వెళ్లి పొయ్యి దగ్గరే నిలదీశాను. "ఏ దయ్యాన్ని పిలుస్తున్నవ్ అవ్వా?"

"దయ్యమేందయ్యా! మా వంశపు పెద్దల పేర్లు. వాళ్లను తలవకుండ మేం కొత్త పంట తినం. నీ బైబిల్ల సువార్త సుత ప్రభువు తాతముత్తాతల పేర్లతోనే షురూ అయితది గద?"

బైబిలు పక్కన పెట్టాను. అడిగాను. "నీ మనవరాలికి ఆ పేర్లు నేర్పినవా?"

"యాడ నేర్పాలె? అది పాపమని ఆదివారం బడిల నువ్వే చెప్పినవంట. నేను మొదలువెడితే చెవులు మూసుకుంటది."

పిల్లలారా, ఆ పాపం నాదే. కాగితం తీసుకుని ఈ పూటే మీ అవ్వ పక్కన కూర్చుని పెద్దల పేర్లు రాసుకోండి. ఒక్క పేరూ పోనివ్వకండి!