చివరి కాలమ్

ఇంటి పనులన్నిటికీ ఇల్లే తేదీలు వేసి గుర్తుచేసే రోజులవి. వచ్చే నెల మామగారిని చూసుకునే వంతు తోడికోడలు ఇందుమతిది కనుక, వకుళ ఆయన పనుల వివరాలను ఎక్సెల్ షీటులోకి దించి కుటుంబం గ్రూపులో పెట్టింది.

వెంటనే ఇందుమతి ఫోన్ చేసింది. "అక్కా, చివరి కాలమ్ చూశావా?"

ఇల్లు ఎన్నడూ తెరమీద చూపించని కాలమ్ అది. ముగింపు తేదీ. మామగారి మందులు, స్నానం, సాయంత్రం నడక, అన్నిటికీ వచ్చే గురువారమే ఉంది. నీళ్ల మోటారు ఏ రోజు కాలిపోతుందో కూడా ఆ ఇల్లు ముందే తప్పకుండా చెప్పింది.

వకుళ గ్రూపులోంచి షీటు తీసేయబోయింది. అంతలో, గ్రూపులో అప్పటికే అది చూసేసిన మామగారి గొంతు గదిలోంచి వినిపించింది.

"అమ్మాయ్, నా పనులన్నీ గురువారంతో ఆపేశావేం? అప్పుడే చిన్నదాని దగ్గరికి తోలేస్తున్నావా?"

"అవును మామయ్యగారూ," అంది వకుళ, గడప దాటి లోపలికి వెళ్లలేక.